రౌటర్ మార్చాక నెట్ రావట్లేదా? ముందు లాగిన్ ఎవరు చేస్తున్నారో చూడండి

మీరు రాసినదాన్ని బట్టి పరిస్థితి ఇది. గోడకున్న ఫైబర్ డబ్బా పాతదే. పిడుగు పడ్డ రోజు దాని పక్కనున్న రౌటర్ పోయింది. కొత్త రౌటర్ కొని అదే కేబుల్ గుచ్చారు. ఫోన్‌లో వైఫై గీతలు నిండుగా ఉన్నాయి, కింద మాత్రం ‘ఇంటర్నెట్ లేదు’ అని వస్తోంది. రౌటర్ మీద నెట్ లైటు నారింజ రంగు దాటి రావట్లేదు. షాపులో రౌటర్ బాగుందంటున్నారు, కేబుల్ ఆపరేటరు లైను బాగుందంటున్నాడు.

ఇద్దరూ నిజమే చెప్తూ ఉండొచ్చు. వైఫై నిండుగా ఉందంటే మీ ఫోన్‌కీ రౌటర్‌కీ మధ్య మాట కలిసిందని మాత్రమే అర్థం. రౌటర్ నుంచి ఆపరేటరు దాకా ఉన్న దారి వేరే సంగతి. ఆ దారి మీద ఎవరో ఒకరు లాగిన్ చేయాలి: గోడ మీది ఫైబర్ డబ్బా అయినా చేయాలి, మీ రౌటర్ అయినా చేయాలి. పాత రౌటర్ మూడేళ్లుగా చడీచప్పుడు లేకుండా ఆ పని చేస్తూ ఉంటే, దానితో పాటే ఆ లాగిన్ కూడా పోయింది. కొత్తదానికి ఎవరూ చెప్పలేదు. రౌటర్ మార్చాక వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే, అందుకే జవాబంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

అన్నిటికన్నా ముందు ఒక హెచ్చరిక. ఫైబర్ డబ్బా, అంటే ఓఎన్‌టీ వెనక పిన్నుతో నొక్కే రీసెట్ చిల్లు ఉంటుంది. దాని జోలికి పోవద్దు. కొత్త రౌటర్‌ని ఎన్నిసార్లు రీసెట్ చేసినా నష్టం లేదు. ఓఎన్‌టీని రీసెట్ చేస్తే ఆపరేటరు మనిషి అందులో పెట్టిన వీల్యాన్ నంబరు (ఫైబర్‌లో ఇంటర్నెట్ వెళ్లే దారి నంబరు), ల్యాండ్‌లైన్ సెట్టింగులు, లాగిన్ వివరాలు చాలా మోడళ్లలో తుడిచిపెట్టుకు పోతాయి. చిన్న సమస్య కాస్తా మనిషి ఇంటికొస్తే గానీ తీరనిదవుతుంది. డబ్బాని ఆపి మళ్లీ వేయాలనుకుంటే కరెంటు స్విచ్ చాలు.

ఇప్పుడు ఓఎన్‌టీ లైట్లు చూడండి. ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్న లైటు ఎర్రగా వెలుగుతుంటే వెలుతురు డబ్బా దాకా రావట్లేదు. ఫైబర్ ఎక్కడో తెగింది, లేదా కనెక్టరు ఊడింది. అక్కడితో మీ పని అయిపోయింది, రౌటర్‌లో ఏం మార్చినా దండగే. ఎల్‌ఓఎస్ ఆరిపోయి ఉండి, పాన్ లైటు పచ్చగా నిలకడగా ఉంటే ఓఎన్‌టీ ఆపరేటరు వైపు యంత్రంతో కలిసిందని అర్థం. పాన్ లైటు ఆగకుండా మినుకుతుంటే వెలుతురు వస్తోంది గానీ డబ్బాని అవతలివాళ్లు గుర్తుపట్టట్లేదు.

కొత్త రౌటర్ బిగించే హడావుడిలో ఫైబర్ తీగని కదిలించి ఉంటారు. ఆ పసుపు తీగ లోపల ఉన్నది గాజు. దాన్ని టీవీ వెనక కరెంటు వైర్లతో కలిపి గట్టిగా రబ్బరు బ్యాండు వేసినా, మేకు చుట్టూ మెలిపెట్టినా తెగకుండానే వెలుతురు కారిపోతుంది. చుట్టాలంటే టీ సాసరంత చుట్ట చాలు, అంతకన్నా బిగించొద్దు. కొనకి ఆకుపచ్చ కనెక్టరు ఉంటే ఆకుపచ్చ సాకెట్లోకే వెళ్లాలి. ఆకుపచ్చదాని మొన 8 డిగ్రీల వాలుగా కోసి ఉంటుంది, నీలంది అలా ఉండదు. ఒకదాన్ని ఇంకోదానిలో గుచ్చితే దూరుతుంది గానీ మొనలు సరిగా ఆనవు. మొనని వేలితో ముట్టుకోవద్దు, కంటికి ఎదురుగా పెట్టి చూడొద్దు. అందులో వచ్చే కాంతి కంటికి కనిపించదు, కన్నుకి మాత్రం మంచిది కాదు.

ఓఎన్‌టీ పేజీలోకి వెళ్లగలిగితే ఆప్టికల్ సమాచారం అన్న చోట ‘ఆర్‌ఎక్స్ పవర్’, అంటే డబ్బాకి అందే వెలుతురు బలం కనిపిస్తుంది. మన ఇళ్లకు వచ్చే జీపాన్ (ఒకే ఫైబర్‌ని చాలా ఇళ్లకు పంచే పద్ధతి) లైన్లలో మామూలు ఓఎన్‌టీకి మైనస్ 8 నుంచి మైనస్ 27 డీబీఎం (వెలుతురు కొలత) మధ్య ఉండాలి. మైనస్ 15 నుంచి మైనస్ 24 దాకా నిశ్చింతగా ఉండొచ్చు. మైనస్ 26, 27 దగ్గర ఊగుతుంటే నెట్ వస్తూ పోతూ ఉంటుంది. మైనస్ తర్వాతి అంకె పెరిగేకొద్దీ వెలుతురు తగ్గుతున్నట్టు. 3 డీబీ తగ్గితే సగం పోయినట్టు లెక్క.

ఇక అడాప్టర్లు. ఎవరూ అనుమానించరు గానీ చూడాల్సిన చోటు ఇది. ఓఎన్‌టీలకి ఎక్కువగా 12 వోల్టుల అడాప్టర్ వస్తుంది, చవక రౌటర్లకి చాలాసార్లు 9 వోల్టులది. రెండిటి పిన్నులూ ఒకే లావు, రెండూ నల్లగానే ఉంటాయి. తారుమారైతే 9 వోల్టులు అందిన ఓఎన్‌టీ లైట్లు వెలిగించుకుని కూర్చుంటుంది, పని మొదలవగానే రీస్టార్ట్ అవుతుంది, లేదా పాన్ లైటు దగ్గరే ఆగిపోతుంది. 9 వోల్టుల రౌటర్‌కి 12 పెడితే వేడెక్కి కొన్నాళ్లకి కాలిపోవచ్చు. ప్రతి డబ్బా అడుగున స్టిక్కరు మీద వోల్టులు, ఆంపియర్లు ఉంటాయి. వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి, ఆంపియర్లు అంతకు తగ్గకూడదు. కరెంటు పోతుందని మినీ యూపీఎస్ పెట్టుకున్నవాళ్లు దాని 9, 12 వోల్టుల సాకెట్లు కూడా ఒకసారి చూసుకోవాలి.

మీది పిడుగు కేసు కాబట్టి ఇంకో మాట. గాజు తీగలో కరెంటు పారదు. అయినా రౌటర్ పోయిందంటే దెబ్బ కరెంటు వైరులోంచి వచ్చి ఉండాలి, లేదా ల్యాన్ కేబుల్ గుండా, లేదా ఉక్కు తీగ ఉన్న డ్రాప్ కేబుల్ (స్తంభం నుంచి ఇంటికి వచ్చే ఫైబర్ తీగ) మీదుగా. అలాంటప్పుడు ఓఎన్‌టీలో రౌటర్‌కి కలిపిన ఒక్క ల్యాన్ పోర్టు మాత్రం చచ్చిపోయి, మిగతా డబ్బా బాగానే ఉండటం జరుగుతుంది. పరీక్ష తేలిక: ల్యాప్‌టాప్‌కి ల్యాన్ కేబుల్ పెట్టి, రెండో కొన ఆ పోర్టులో గుచ్చండి. పోర్టు లైటు అసలు వెలగకపోతే, వేరే కేబుల్‌తో చూసినా అంతే ఉంటే, పోర్టు పోయింది. రెండో పోర్టులో పెట్టి చూడొచ్చు గానీ ఒక మెలిక ఉంది: చాలాచోట్ల ఇంటర్నెట్‌ని ఒకటో పోర్టుకి మాత్రమే కట్టి, మిగతావి టీవీ బాక్సు కోసం వదిలేస్తారు. కాబట్టి రెండో పోర్టులో లైటు వెలిగి నెట్ రాకపోతే ‘ఇంటర్నెట్‌ని రెండో పోర్టుకి మార్చండి’ అని ఆపరేటరుని అడగాలి.

పోర్టు బాగుంటే అదే ల్యాప్‌టాప్ అసలు ప్రశ్నకి జవాబు చెప్తుంది. వైఫై ఆపేసి, ఓఎన్‌టీ నుంచి నేరుగా ల్యాప్‌టాప్‌కి కేబుల్ పెట్టి రెండు నిమిషాలు ఆగండి. తర్వాత నెట్‌వర్క్ వివరాల్లో ఐపీ అడ్రస్ ఏం వచ్చిందో చూడండి.

192.168తో మొదలయ్యే అడ్రస్ వచ్చి, నెట్ కూడా పనిచేస్తుంటే ఓఎన్‌టీయే లాగిన్ చేస్తోంది. మీ రౌటర్‌కి లాగిన్‌తో పని లేదు.

169.254తో మొదలైతే ల్యాప్‌టాప్‌కి ఎవరూ అడ్రస్ ఇవ్వలేదు, తనకి తానే ఒకటి పెట్టుకుంది. ఓఎన్‌టీ బ్రిడ్జ్ మోడ్‌లో (తను లాగిన్ చేయకుండా దారి మాత్రం ఇచ్చే పద్ధతిలో) ఉండి, పీపీపీఓఈ (యూజర్ ఐడీ, పాస్‌వర్డ్‌తో చేసే) లాగిన్ రౌటరే చేయాల్సిన లైను అయ్యే అవకాశం ఎక్కువ. పాత రౌటర్ మీద యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ కొట్టినట్టు గుర్తుంటే ఇదే.

10తో గానీ, 100.64 నుంచి 100.127 దాకా గానీ, లేదా ఏదైనా పబ్లిక్ అడ్రస్ గానీ వస్తే ఆపరేటరు డీహెచ్‌సీపీ (అడగగానే అడ్రస్ పంచే పద్ధతి) మీద నేరుగా అడ్రస్ ఇస్తున్నాడు. ఇలాంటి లైన్లలో బ్రౌజర్ తెరవగానే లాగిన్ పేజీ రావడం, లేదా మ్యాక్ అడ్రస్ (ప్రతి పరికరానికీ ఉండే గుర్తింపు నంబరు) పట్టింపు ఉండటం మామూలు.

మీరు చెప్పిన లక్షణాలు రెండోదానికి దగ్గరగా ఉన్నాయి కాబట్టి అక్కడ ఎక్కువసేపు ఆగుదాం.

ఫోన్‌తో రౌటర్ పేజీ తెరిచేటప్పుడు మొబైల్ డేటా ఆపేయండి. వైఫైలో నెట్ లేదని తెలియగానే ఫోన్ దొంగచాటుగా డేటా మీదకి జారుకుంటుంది, 192.168.0.1 కొట్టినా పేజీ తెరుచుకోదు. జనం ‘రౌటర్ పాడైంది’ అని తిరిగిచ్చేసేది ఇక్కడే. పేజీ తెరిచాక వ్యాన్ (బయటి లైను వైపు) లేదా ఇంటర్నెట్ అన్న మెనూలో కనెక్షన్ రకం ‘డైనమిక్ ఐపీ’ అని ఉంటుంది, చాలా రౌటర్లు పెట్టెలోంచి అలాగే వస్తాయి. దాన్ని పీపీపీఓఈ చేసి, యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ కొట్టండి. యూజర్ ఐడీలో ఎట్ గుర్తు, దాని తర్వాతి భాగం కూడా ఉంటే అదీ కొట్టాలి. చిన్న అక్షరం, పెద్ద అక్షరం తేడా ఉంటుంది. వాట్సాప్‌లో వచ్చిన పాస్‌వర్డ్ కాపీ చేసి అతికిస్తే చివర ఒక ఖాళీ అంటుకుని వస్తుంది. చేత్తో కొట్టడమే మేలు. సర్వీస్ నేమ్ అని అడిగితే ఖాళీగా వదిలేయండి. ఓఎన్‌టీ నుంచి వచ్చే కేబుల్ రౌటర్ వ్యాన్ పోర్టులోనే ఉండాలి, సాధారణంగా దానికి వేరే రంగు వేస్తారు.

సేవ్ చేశాక వచ్చే ఎర్రర్ రెండు రకాలు. వాటి మధ్య తేడా పట్టుకుంటే సగం పని అయినట్టే.

మొదటిది ‘అథెంటికేషన్ ఫెయిల్డ్’. విండోస్‌లో నేరుగా డయల్ చేస్తే, అంటే రౌటర్ లేకుండా ల్యాప్‌టాప్ నుంచే లాగిన్ చేస్తే, ఇదే 691 అని వస్తుంది. ఇది నిజానికి మంచి వార్త. మీ కేబుల్, ఓఎన్‌టీ, ఫైబర్, వీల్యాన్ అన్నీ బాగున్నాయి, మీ మాట ఆపరేటరు సర్వరు దాకా వెళ్లింది, సర్వరు ‘నువ్వెవరో తెలీదు’ అంది. పాస్‌వర్డ్ తప్పయినా కావచ్చు. ప్యాకేజీ గడువు అయిపోయినా కొందరు ఆపరేటర్లు ఇదే చూపిస్తారు. మిగతా రెండు కారణాలు రౌటర్ మార్చినవాళ్లకి ప్రత్యేకం.

ఒకటి, పాత సెషన్, అంటే సర్వరు లెక్కలో ఇంకా నడుస్తున్న పాత లాగిన్. రౌటర్ మామూలుగా ఆగితే పోతూ పోతూ ‘నేను వెళ్తున్నా’ అని సర్వరుకి చెప్పి వెళ్తుంది. కరెంటు పోయినా, పిడుగు పడినా ఆ మాట చెప్పదు. ఒక ఐడీ మీద ఒకే సెషన్ అన్న నియమం ఉన్నచోట, సర్వరు లెక్కలో పాత రౌటర్ ఇంకా లోపలే ఉంది, కొత్తది తలుపు కొడితే రానివ్వదు. ఓఎన్‌టీనీ రౌటర్‌నీ రెంటినీ ఆపేసి అరగంట తర్వాత వేసి చూడండి. నిమిషానికోసారి ఆపి వేస్తుంటే మళ్లీ మళ్లీ తప్పు లాగిన్ పడి, కొన్నిచోట్ల ఐడీని తాత్కాలికంగా లాక్ చేస్తారు కూడా. అరగంటకీ తీరకపోతే ఆపరేటరుకి ఫోన్ చేసి ‘పాత సెషన్ క్లియర్ చేయండి’ అనండి. ఈ ఒక్క వాక్యం పది నిమిషాల వాదన తప్పిస్తుంది.

రెండోది మ్యాక్ బైండింగ్. ఒక కనెక్షన్‌ని పదిళ్లు పంచుకోకుండా, స్థానిక ఆపరేటర్లలో చాలామంది మీ ఐడీని పాత రౌటర్ వ్యాన్ పోర్టు మ్యాక్ అడ్రస్‌కి కట్టేస్తారు. కొత్త రౌటర్‌ది వేరే మ్యాక్ కాబట్టి పాస్‌వర్డ్ ఒప్పైనా తలుపు తెరుచుకోదు. మందు రెండు రకాలు. ఆపరేటరుకి కొత్త మ్యాక్ చెప్పి మార్పించుకోవడం ఒకటి, ఇదే శాశ్వతం. రెండోది, రౌటర్ మెనూలో ‘మ్యాక్ క్లోన్’ అన్నచోట పాత రౌటర్ మ్యాక్ కొట్టడం. పాత రౌటర్ చచ్చినా అడుగు స్టిక్కరు బతికే ఉంటుంది. దాని మీద రెండేసి అక్షరాల చొప్పున ఆరు జతలుంటాయి. వాటిలో 0 నుంచి 9 దాకా అంకెలు, ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలే వస్తాయి, కాబట్టి గుండ్రంగా కనిపించేది ఎప్పుడూ సున్నాయే, ‘ఓ’ కాదు. 8కీ ‘బీ’కీ తేడా మాత్రం టార్చి వేసి చూసుకోండి. ఇంకో చిక్కు: కొన్ని రౌటర్లలో స్టిక్కరు మీదది ల్యాన్ వైపు మ్యాక్, వ్యాన్‌ది దానికన్నా చివర ఒకటి ఎక్కువ. స్టిక్కరు మీది అంకె పనిచేయకపోతే చివరి జతకి ఒకటి కలిపి చూడండి. ఎఫ్ తర్వాత ఒకటి కలిపితే పక్క అంకె మారుతుంది, మన 9 తర్వాత 10 లాగే.

పాత రౌటర్ ఇంకా ఇంట్లో వాడకంలో ఉంటే క్లోన్ చేయొద్దు. ఒకే మ్యాక్ రెండు డబ్బాలకుంటే ఒకే ఇంటి నంబరు రెండిళ్లకు ఇచ్చినట్టే.

ఇక రెండో రకం ఎర్రర్: ‘నో రెస్పాన్స్ ఫ్రమ్ సర్వర్’, లేదా రౌటర్ ఊరికే ‘కనెక్టింగ్’ అంటూ ఉండిపోవడం. విండోస్‌లో 651, 815, పాత విండోస్‌లో 678. ఇక్కడ పాస్‌వర్డ్ మార్చి ప్రయోజనం లేదు, ఎందుకంటే పాస్‌వర్డ్ అడిగే దాకా వ్యవహారం రాలేదు. పీపీపీఓఈ మొదలవగానే రౌటర్ ‘సర్వరు ఎవరైనా ఉన్నారా’ అని అందరికీ వినపడేలా ఒక కేక వేస్తుంది. సర్వరు ‘నేనున్నా’ అంటుంది. రౌటర్ ‘అయితే సెషన్ ఇవ్వు’ అంటుంది, సర్వరు సెషన్ నంబరు ఇస్తుంది. ఈ నాలుగు మాటలూ అయ్యాకే యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ వెళ్తాయి. ఈ ఎర్రర్ వచ్చిందంటే మొదటి కేకకే జవాబు లేదన్నమాట.

కారణాలు ఈ వరసలో చూడండి. కేబుల్ వ్యాన్ పోర్టులో కాకుండా ల్యాన్ పోర్టులో ఉందేమో. ఓఎన్‌టీలో ఇంటర్నెట్ లేని పోర్టులో ఉందేమో. ఓఎన్‌టీ బ్రిడ్జ్‌లో కాక రౌటర్ మోడ్‌లో ఉందేమో. అప్పుడు మీ కేక ఓఎన్‌టీ దగ్గరే ఆగిపోతుంది. ఇవన్నీ సరిగ్గా ఉంటే మిగిలేది వీల్యాన్.

వీల్యాన్ అంటే ఒకే ఫైబర్‌లో ఇంటర్నెట్‌కి, ఫోన్‌కి, టీవీకి వేసిన వేర్వేరు దారులు. ఏపీ ఫైబర్‌నెట్ లాంటి కనెక్షన్లలో ఈ మూడూ ఒకే తీగ మీద వస్తాయి. ప్రతి దారికీ ఒక నంబరుంటుంది, 1 నుంచి 4094 దాకా ఏదైనా కావచ్చు. చాలాసార్లు ఆ నంబరు ఓఎన్‌టీయే తగిలించి పంపుతుంది, రౌటర్‌కి అక్కర్లేదు. కొందరు ఆపరేటర్లు మాత్రం రౌటర్ నుంచే రావాలని పెడతారు. పాత రౌటర్‌లో ఆ నంబరుండి, కొత్తదానిలో లేకపోతే లైట్లన్నీ వెలుగుతాయి, సర్వరు మాత్రం పలకదు. నంబరు ఊహించి కొట్టే విషయం కాదు, పక్కవీధివాళ్లది మీకు పనికిరాకపోవచ్చు. ఆపరేటరుని అడగండి: ‘ఇంటర్నెట్ వీల్యాన్ రౌటర్‌లో ట్యాగ్ చేయాలా? చేయాలంటే నంబరెంత?’ టీపీ లింక్ రౌటర్లలో ఇది ఐపీటీవీ అన్న మెనూలో దాక్కుని ఉంటుంది. టీవీకి సంబంధించిందేమో అనుకుని ఎవరూ అటు పోరు. చవక మోడళ్లలో అసలు ఆ సదుపాయమే ఉండదు. అప్పుడు ఆ పనిని ఓఎన్‌టీలోనే చేయించాలి.

ల్యాప్‌టాప్‌కి 192.168 అడ్రస్ వచ్చి నెట్ పనిచేసిందనుకోండి, రౌటర్ పెట్టగానే పోతోంది. అప్పుడు కథ పూర్తిగా వేరు. రౌటర్‌లో కనెక్షన్ రకం ‘డైనమిక్ ఐపీ’ ఉంచాలి, పీపీపీఓఈ పెడితే ఎప్పటికీ రాదు. అయినా రాకపోతే ఓఎన్‌టీ సొంత అడ్రస్ 192.168.1.1, కొత్త రౌటర్ సొంత అడ్రసూ అదేనేమో చూడండి. రెండు వైపులా ఒకే వీధి పేరు ఉంటే రౌటర్‌కి ప్యాకెట్ ఎటు పంపాలో తెలీదు. రౌటర్ ల్యాన్ ఐపీని 192.168.50.1 చేసి సేవ్ చేయండి. ఆ తర్వాత పేజీ కొత్త అడ్రస్ మీదే తెరుచుకుంటుంది, పాతది కొడితే రాదు, భయపడొద్దు. కొన్ని కొత్త రౌటర్లు ఈ తగువుని తామే గుర్తించి అడ్రస్ మార్చుకుంటాయి.

ఇలాంటి లైనులో నిజానికి కొత్త రౌటర్ రౌటర్‌గా పనిచేయాల్సిన అవసరమే లేదు. దాన్ని ‘యాక్సెస్ పాయింట్ మోడ్’లో పెడితే వైఫై మాత్రం ఇస్తుంది, అడ్రసులు ఓఎన్‌టీయే పంచుతుంది. ఆ మోడ్ లేని రౌటర్‌లో ముందు ల్యాన్ ఐపీ 192.168.1.250 లాంటిదొకటి పెట్టి, తర్వాత డీహెచ్‌సీపీ సర్వరు ఆపేసి, కేబుల్‌ని వ్యాన్‌లో కాకుండా ల్యాన్ పోర్టులో గుచ్చాలి. ఓఎన్‌టీ వేరే వరస వాడుతుంటే, ఉదాహరణకి 192.168.100, ఈ అడ్రస్ కూడా ఆ వరసలోదే ఉండాలి. డీహెచ్‌సీపీ ముందే ఆపేస్తే ల్యాన్ ఐపీ మార్చే లోపే ఫోన్‌కి అడ్రస్ పోయి బయటపడతారు. నా ఉద్దేశంలో రెండు రౌటర్లు ఒకదాని వెనక ఒకటి అడ్రసులు పంచే దానికన్నా ఇదే శుభ్రమైన పద్ధతి.

మూడో రకం లైనులో, అంటే నేరుగా అడ్రస్ వచ్చేదానిలో, రౌటర్ వ్యాన్ ఐపీ 0.0.0.0 దగ్గరే ఆగిపోతే మ్యాక్ పట్టింపే మొదటి అనుమానం. ల్యాప్‌టాప్‌తో పరీక్ష చేసినప్పుడు లైను దాని మ్యాక్‌కి అతుక్కుపోయి ఉండొచ్చు కూడా. ఓఎన్‌టీని పది నిమిషాలు ఆపి, ఈసారి రౌటర్‌ని ముందే గుచ్చి ఉంచి వేయండి. అడ్రస్ వచ్చినా నెట్ రాకపోతే బ్రౌజర్‌లో ఏదైనా పేజీ తెరిచి చూడండి, ఆపరేటరు లాగిన్ పేజీ ఎదురు చూస్తుండొచ్చు. ఫోన్‌లో ప్రైవేట్ డీఎన్‌ఎస్ (డీఎన్‌ఎస్ అంటే సైటు పేరుని అడ్రస్‌గా మార్చే సేవ) పెట్టుకుని ఉంటే ఆ పేజీ రాదు, కాసేపు ఆపేయండి.

ఓఎన్‌టీ, రౌటర్ రెండూ కలిసిన ఒకే డబ్బా వాడుతున్నవాళ్లు ఇది చదివి బజారులో ఇంకో డబ్బా కొనేయొద్దు. అలాంటిది మారిస్తే దాని సీరియల్ నంబరుని (ఈపాన్ అనే ఇంకో రకం ఫైబర్ లైన్లయితే మ్యాక్‌ని) ఆపరేటరు తన యంత్రంలో నమోదు చేయాలి. లేకపోతే పాన్ లైటు మినుకుతూనే ఉంటుంది. జియోఫైబర్ లాంటి కంపెనీ డబ్బాలని కదపకుండా, వాటి ల్యాన్ పోర్టుకి మీ రౌటర్‌ని కలుపుకోవడమే దారి. అలాగే అమెరికా నుంచి పిల్లలు తెచ్చిన కేబుల్ మోడెమ్ ఇక్కడి ఫైబర్‌కి పనికిరాదు, అది కోయాక్స్ (కేబుల్ టీవీ) తీగ కోసం చేసింది. విడి రౌటర్ అయితే పనిచేస్తుంది, అడాప్టర్ మీద 100 నుంచి 240 వోల్టులని ఉందో లేదో చూసుకోండి.

నెట్ వచ్చాక మొదలయ్యే తలనొప్పులు కొన్నున్నాయి.

గూగుల్ తెరుచుకుంటుంది, వాట్సాప్ మెసేజీ పోతుంది, బ్యాంకు సైటు మాత్రం తిరుగుతూనే ఉంటుంది, ఫోటో అప్‌లోడ్ సగంలో ఆగుతుంది. ఇది ఎంటీయూ (ఒక్క మోతలో పట్టే గరిష్ఠ బైట్లు) జబ్బు. ఈథర్నెట్‌లో ఒక్క మోతకి 1500 బైట్లు పడతాయి. పీపీపీఓఈ తన చీటీ కోసం 8 బైట్లు తీసుకుంటుంది, మిగిలేది 1492. రౌటర్‌లో 1500 అని పెట్టి ఉంటే నిండు మోతలు దారిలో పడిపోతాయి, చిన్నవి దాటిపోతాయి. పీపీపీఓఈ మెనూలో ఎంటీయూ 1492 చేయండి. పరీక్షకి విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో పింగ్, ఖాళీ, 8.8.8.8, ఖాళీ, హైఫన్ ఎఫ్, ఖాళీ, హైఫన్ ఎల్, ఖాళీ, 1464 అని అన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి. మోతలోని 28 బైట్లు అడ్రసులకి పోతాయి కాబట్టి 1492కి 1464. జవాబొస్తే 1492 సరిపోయింది. ‘ముక్కలు చేయాలి’ అన్న అర్థంలో ఎర్రర్ వస్తే పది పది తగ్గిస్తూ పోండి, జవాబొచ్చిన పెద్ద అంకెకి 28 కలిపితే అదే మీ ఎంటీయూ.

8.8.8.8కి పింగ్ పోతూ సైట్ల పేర్లు మాత్రం తెరుచుకోకపోతే తప్పు డీఎన్‌ఎస్‌ది. రౌటర్‌లో 8.8.8.8, 1.1.1.1 పెట్టండి, అంతే.

200 ఎంబీపీఎస్ ప్యాకేజీకి 94 దగ్గర గిరిగీసినట్టు ఆగిపోతోందా? 90 నుంచి 95 మధ్య కదలకుండా ఉంటే ఎక్కడో లింకు 100కి పడిపోయింది. రౌటర్ పెట్టె మీద వైఫై 1200 అని రాసి ఉన్నా, వెనక పోర్టులు 10/100 అయితే అంతకు మించి రాదు. కొనేముందు ‘గిగాబిట్ పోర్టులు’ అన్న మాట వెతకాలి. పోర్టులు గిగాబిట్ అయితే కేబుల్ చూడండి. 100కి నాలుగు తీగలు చాలు: 1, 2, 3, 6 పిన్నులవి. గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. పారదర్శకంగా ఉన్న ప్లగ్గుని, క్లిప్పు కిందికి ఉండేలా పట్టుకుని, ఎడమ నుంచి చూస్తే తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ అని ఉండాలి. ప్రతి రాగి మొనా ప్లగ్గు చివరి గోడకి తగిలి మెరుస్తూ కనిపించాలి. నీలమో గోధుమో కాస్త వెనక్కి ఉండిపోతే చాలు, వేగం 94కి కూలబడుతుంది. లైనుమన్ల దగ్గర క్రింపింగ్ (ప్లగ్గు బిగించే) హడావుడిలో జరిగే తప్పు ఇదే. కొత్త క్యాట్ 5ఈ రెడీమేడ్ కేబుల్ పెట్టి చూస్తే నిమిషంలో తేలిపోతుంది.

వైఫై పేరు, పాస్‌వర్డ్ పాత రౌటర్‌వే అక్షరం పొల్లుపోకుండా పెట్టుకోండి, ఇంట్లో టీవీ, కెమెరా, అమ్మమ్మ ఫోన్ అన్నీ వాటంతటవే కలుస్తాయి. కలవకపోతే భద్రత రకం డబ్ల్యూపీఏ3 అయి ఉంటుంది, దాన్ని డబ్ల్యూపీఏ2, ఏఈఎస్‌కి మార్చండి. పాత పరికరాలు దీన్ని ‘పాస్‌వర్డ్ తప్పు’ అని చూపించి మనల్ని తికమక పెడతాయి. స్మార్ట్ బల్బులు, చవక కెమెరాలు 2.4 గిగాహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి. రెండు బ్యాండ్లకీ ఒకే పేరు ఉండి అవి మొరాయిస్తే కొత్తగా కలిపేటప్పుడు 5 గిగాహెర్ట్జ్ కాసేపు ఆపండి. 2.4లో చానల్ 1, 6, 11లో ఏదో ఒకటి, వెడల్పు 20. అపార్ట్‌మెంటులో 40 పెట్టడం పక్కింటివాళ్లతో పోట్లాట కొని తెచ్చుకోవడమే. 5లో 36 నుంచి 48, లేదా 149 నుంచి 161 మధ్య పెట్టండి. 52 నుంచి 144 దాకా రాడార్ కోసం వినే చానళ్లు, వాటిలో పెడితే రౌటర్ వేశాక కనీసం నిమిషం దాకా ఆ వైఫై కనిపించదు.

సీసీ కెమెరాని బయట నుంచి చూసేవాళ్లు రౌటర్‌లో వ్యాన్ ఐపీ చూడండి. 100.64 నుంచి 100.127 మధ్య ఉన్నా, 10తో మొదలైనా మీరు ఆపరేటరు పెద్ద రౌటర్ వెనక ఉన్నారు. పోర్ట్ ఫార్వార్డింగ్ (బయటివాళ్లకి రౌటర్‌లో దారి తెరిచే సెట్టింగు) ఎన్ని చేసినా బయటి నుంచి ఎవరూ రాలేరు. స్టాటిక్ ఐపీ కొనుక్కోవాలి, లేదా కెమెరా కంపెనీ క్లౌడ్ యాప్ వాడుకోవాలి.

ఇంత చేసినా నారింజ లైటు పోకపోతే ఆపరేటరుకి ‘నెట్ రావట్లేదు’ అని చెప్పొద్దు, ఆ మాటకి ‘ఆఫ్ చేసి ఆన్ చేయండి’ అన్న జవాబే వస్తుంది. ఇలా చెప్పండి: ‘పాన్ లైటు నిలకడగా ఉంది, ఎల్‌ఓఎస్ లేదు. ఒకటో పోర్టులో లింకు ఉంది. రౌటర్ మార్చాను, కొత్త మ్యాక్ ఇది. ల్యాప్‌టాప్‌తో నేరుగా డయల్ చేసినా 691 వస్తోంది.’ 691 బదులు 651 వస్తుంటే ఆ అంకే చెప్పి, ‘ఒకటో పోర్టు బ్రిడ్జ్‌లోనే ఉందా, వీల్యాన్ ఎంత’ అని అడగండి. ఇక్కడ మళ్లీ రాసేటప్పుడు రౌటర్ మోడల్, ల్యాప్‌టాప్‌కి వచ్చిన ఐపీ మొదటి రెండు అంకెలు, సరిగ్గా వచ్చిన ఎర్రర్ మాట పెట్టండి. యూజర్ ఐడీ, పాస్‌వర్డ్, పూర్తి మ్యాక్ మాత్రం ఫోటోలో కనిపించకుండా చెరిపేయండి.